గొర్రెలు పారిపోలేదు

పోయిన వారం పూలమ్మను సూదీ దారంతో వసారాలో వదిలిపెట్టి వచ్చాం. మదనపల్లె నుంచి వచ్చిన సినిమా డైరెక్టరు దేవేంద్ర ఆమెకు ఒక పని ఒప్పజెప్పాడు. పౌర్ణమి నాడు తోడేలుగా మారిపోయే ఒక మనిషి కథ అతను తీస్తున్నాడు. బెంగళూరు నుంచి తెప్పించిన తోడేలు వేషం లైట్ల కింద బొమ్మల అంగడి సరుకులా మెరిసిపోతుంటే దాన్ని అవతల పారేసి, నల్ల కంబళ్ళు నేసే పూలమ్మను వెతుక్కుంటూ సదుం దాటి కొండ కింది పల్లెకు వచ్చాడు. తొమ్మిది రోజులు కూర్చుని, తన మంద ఉన్నితోనే ఆమె ఆ వేషాన్ని నేసి కుట్టి ముగించింది.

ఆ తొమ్మిది రోజులూ పక్కన కూర్చుని ఒంటి చేత్తో ఉన్ని విడదీసింది కూతురు కుమారి. రెండో చెయ్యి కట్టులో ఉంది. నీళ్ళ తొట్టి దగ్గర జారిపడ్డానని చెప్పింది. కుప్పంలో గ్రానైటు ఫ్యాక్టరీలో పనిచేసే మొగుడు శేఖర్ దగ్గర నుంచి, ఆరేళ్ళ చాందినిని వెంటబెట్టుకుని ఆమె పుట్టింటికి వచ్చి నెల కావస్తోంది. ఆదివారం వచ్చి పిలుచుకొని పోతానని శేఖర్ ఫోన్ చేశాడు. పూలమ్మే కూతురి బట్టలు బ్యాగులో సర్దింది. "పో అమ్మా. మంచోడే గదా, కోపమొకటే" అంది.

ఈ రోజు ఆ ఆదివారం.

తూర్పు కొండ అంచు ఇప్పుడిప్పుడే బూడిద రంగుకు తిరుగుతోంది. పూలమ్మ దొడ్డి కంచె పక్కన కంబళి కప్పుకుని నిలబడి ఉంది. కొండ మీది నుంచి మంచు దిగుతోంది. కింది నుంచి సినిమావాళ్ళ పొగ మిషను పొగ వదులుతోంది. రెండూ నడిమధ్యలో కలుసుకుని, ఏది దేవుడు పంపిందో ఏది మనుషులు పంపిందో తెలియకుండా కలగలిసిపోయాయి. చంద్రులు కూడా ఇద్దరున్నారు. అసలు చంద్రుడు అమావాస్య దగ్గరపడి గోరంత మిగిలి, కొండ మీద వెలవెలబోతున్నాడు. సినిమా చంద్రుడు మాత్రం పొడుగాటి గడకు కట్టిన తెల్లగుడ్డ బుడగలో దీపమై, బండెడు వెలుతురుతో నిండుగా ఉన్నాడు. గొర్రెల వీపుల మీద ఆ వెలుతురు పాలు ఒలికినట్టు పడుతోంది. పూలమ్మకు తాను ఇంకా నిద్ర లేవలేదేమో అనిపించింది. తన దొడ్డి తనది కానట్టుంది. తన గొర్రెలు కూడా ఎవరి కలలోనో మేస్తున్నట్టున్నాయి.

"పెద్దమ్మా, నువ్వు ఆ చెట్టు వెనక్కు పోవాల. నిన్ను చూస్తే గొర్రెలు నీ తట్టే వస్తాయి" అన్నాడు దేవేంద్ర. ముప్పై దాటిన మనిషి. నిద్ర లేక కళ్ళు లోపలికి పోయాయి. "ఇదొక్కటి కుదిరిందంటే చాలు. తోడేలు పొగలో నుంచి వస్తాది. మంద ఒక్కసారిగా బెదిరి, కంచె దాటి, కెమెరా మీదికి పరిగెత్తల్ల. చూసేవాళ్ళు సీట్లలో నుంచి లేవల్ల. ఆ బెదురే నా సినిమా."

"అరుపు గూడా పెడతావా అప్పా?"

"పెట్టకుండా? తోడేలంటే అరుపే గదా."

"అరిస్తే మేము నిద్రపోతాం" అంది పూలమ్మ. "కొండ మీద అరస్తాందంటే, అది యాడుండాదో తెలుస్తాది గదా. అరవనప్పుడే లేచి కూర్చుంటాం."

దేవేంద్ర ఆ మాట విన్నాడో లేదో, మైకు పట్టుకున్నతని దగ్గరికి వెళ్ళిపోయాడు.

వేషంలోకి దూరిన మునిరాజుది పుంగనూరు. ఇరవై ఏళ్ళుగా వీధి నాటకాల్లో భీముడి వేషం కడుతున్నాడు. నిలువెత్తు మనిషి, నల్లటి ఉన్నిలో మునిగి మరింత పెద్దగా కనబడుతున్నాడు. పళ్ళు పెట్టిన ముసుగు చంకలో పెట్టుకుని పూలమ్మ దగ్గరికి వచ్చాడు.

"పూలమ్మత్తా, ఇది ఏం కుట్టినావో ఏమో. తొడుక్కున్నకాడి నుంచి నాకు గడ్డి మేయాలనిపిస్తాండాది."

"మేయి. కొండంతా నీదే" అంది పూలమ్మ.

అతను నవ్వుకుంటూ ముసుగు తగిలించుకుని పొగలోకి వెళ్ళిపోయాడు. మనిషి కరిగిపోయి నల్లటి మరక ఒకటి మిగిలింది. కాసేపటికి అదీ పోయింది.

కెమెరా తిరగడం మొదలైంది. ఎవరూ దగ్గలేదు, కదల్లేదు. పొగలో నుంచి మొదట రెండు కాళ్ళ మీద, తరువాత నాలుగు కాళ్ళ మీద తోడేలు వచ్చింది. భుజాలు వంచి, తల నేలబారుగా పెట్టి, ఒక్కో అడుగే వేస్తూ వచ్చింది. తన చేతులతో కుట్టిన గుడ్డేనని తెలిసినా పూలమ్మ చెయ్యి కర్ర కోసం వెతికింది.

గొర్రెలు తలలెత్తాయి. చూశాయి. ఒకటి మేత నములుతూనే చూసింది.

మందలో అన్నింటికంటే ముసలిది బొట్టు గొర్రె. నుదుటి మీద తెల్లమచ్చ ఉన్నందుకు ఆ పేరు. అది లేచి, ఒళ్ళు విదిలించుకుని, నిదానంగా తోడేలు దగ్గరికి నడిచి వెళ్ళింది. దాని మెడను వాసన చూసింది. 'మే' అని ఒక్కసారి అని, దాని మోచేతి కింద తల దూర్చి నిలబడింది. దాని వెంట రెండు, ఆ రెండింటి వెంట పది. చివరికి ఒక పిల్ల తోడేలు వీపు ఎక్కడానికి రెండుసార్లు ఎగిరి జారిపడింది.

"కట్!" దేవేంద్ర అరిచాడు. "మునిరాజూ, అరువు! గట్టిగా అరువు!"

రెండోసారి మునిరాజు కొండ మారుమోగేలా అరిచాడు. గొర్రెలు చెవులు ఆడించాయి. బొట్టు గొర్రె అతని ముసుగు నాకింది.

మూడోసారి ఎవరో కంచె వెనక నుంచి టపాకాయలు పేల్చారు. ఈసారి మంద బెదిరింది. నలభై గొర్రెలూ ఒక్కసారిగా లేచి పరిగెత్తాయి. కానీ కెమెరా మీదికి పరిగెత్తలేదు. తోడేలు దగ్గరికి పరిగెత్తాయి. దాని చుట్టూ మూగి, దాని పొట్ట కిందికి తలలు దూర్చి, వణుకుతూ నిలబడ్డాయి.

దేవేంద్ర తలపాగాలా చుట్టుకున్న మఫ్లరు తీసి నేలకేసి కొట్టాడు. "ఏం చేసినారు ఈ వేషాన్ని? ఎవురు ముట్టుకున్నారు? తోడేలును చూస్తే గొర్రె పారిపోవాల్నా, లేదా?"

పూలమ్మ చెట్టు వెనక నుంచి వచ్చింది. అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

"నేనేనప్పా. రాత్రి దాన్ని మందలో పరిచినా."

"మందలో పరిచినావా? యాల?"

"కొత్త కంబళి ఏదైనా అంతే. మగ్గం దిగినాక ఒక రాత్రి మందలో పరచాల. దాని మీద గొర్రెలు పండుకొని లేయాల. లేదంటే నేతకు పట్టించిన చింతగింజల గంజి వాసనకు అది మనదని వాటికి తెలీదు. కప్పుకొని పోతే బెదిరిపోతాయి. మా అత్త చేసేది, నేనూ చేస్తాండా. చెయ్యి అలవాటుకు పోయింది. ఇది కంబళి కాదు, తోడేలని తోచలే."

లైట్ల దగ్గర ఒకడు ముక్కులో నుంచి నవ్వాడు. ఆ నవ్వు అంటుకుని అందరూ నవ్వారు. దేవేంద్ర ఒక్కడే నవ్వలేదు. చేతులు జారవేసి మానిటర్ ముందు కూలబడ్డాడు. ఏం పోయిందో లెక్క చూసుకునేవాడిలా, తీసిందాన్ని మొదటి నుంచి పెట్టి చూడడం మొదలుపెట్టాడు.

చిన్న తెర మీద పొగ. పొగలో గుడ్డ చంద్రుడి వెలుతురు. నల్లటిది ఏదో వంగి నడిచి వస్తోంది. ముసలి గొర్రె లేచింది. ఎదురు వెళ్ళింది. పళ్ళ కింద తల పెట్టింది.

నవ్వుతున్నవాళ్ళు ఒక్కొక్కరే తెర వెనక్కు చేరారు. ఒక్కొక్కరే నవ్వు ఆపారు.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు కెమెరా అతను మెల్లగా.

రెండోసారి చూసేటప్పుడు దేవేంద్ర చేతి మీద వెంట్రుకలు లేచి నిలబడడం పూలమ్మ చూసింది.

"మూడేండ్లు రాసినా పెద్దమ్మా ఈ కథ. పండ్లు ఎంత పొడుగుండాల, కండ్లు ఏ రంగుండాల, చంద్రుడు ఎప్పుడు మబ్బులో నుంచి రావాల, అంతా రాసినా. రాసింది చదివితే నాకే భయం పుట్టలే. ఇప్పుడు దీన్ని చూస్తే ఒళ్ళు చల్లబడతాంది. యాల?"

అతను ఆమెనే అడుగుతున్నాడు. జవాబు తనకు తెలుసని పూలమ్మ ఏమీ అనుకోలేదు. నోటికి వచ్చిందే చెప్పింది.

"పారిపోయేదాన్ని చూస్తే మనకు ధైర్యమే గదప్పా. దొరకదులే, బతుకుతాదిలే అనుకుంటాం. ఇది పారిపోలే. వాసన ఇంటిదే. వాటి ఉన్నే దాని ఒంటి మీద ఉండాది. ఇంగ ఎవురు చెప్పి ఏం లాభం, అది తోడేలని?"

మునిరాజు ముసుగు తీసి నేల మీద కూర్చున్నాడు. చెంపలు తడిగా ఉన్నాయి. చెమటని అనుకోవచ్చు. "అత్తా, లోపల నాకు ఏడుపొచ్చింది. నేను చంపేదానికి వస్తాండా. అదేమో వచ్చి నా చెయ్యి కింద తల పెట్టింది. దుశ్శాసనుని రొమ్ము చీల్చేటప్పుడు గూడా నాకు ఇట్ల కాలే."

దేవేంద్ర లేచి నిలబడ్డాడు. పొగలోకి చూస్తూ తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. "అయితే కథ మార్చాల. తోడేలయ్యేది యాడనుంచో వచ్చినోడు కాదు. ఇంటాయనే. పెండ్లానికి తెలుసు. ఎప్పుడు మారతాడో తెలుసు. తెలిసీ తలుపు తీస్తాది. కానీ యాల తీస్తాది? అది నమ్మేటట్టు ఉండాల గదా. తెలిసిన మనిషి యాల తీస్తాది?"

"తెల్లారితే మళ్ళా మనిషైతాడు గదా సార్."

అందరూ వెనక్కు తిరిగారు. కుమారి. చాందిని చెయ్యి పట్టుకుని, మంచులో చీర కుచ్చిళ్ళు తడుపుకుంటూ నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో ఎవరికీ తెలియదు.

"మంచి మనిషైతాడు" అంది ఆమె తెరనే చూస్తూ. "ముందుటి కంటే మంచోడైతాడు. తనే కాఫీ పెట్టి ఇస్తాడు. తల దువ్వుతాడు. ఆ తెల్లారేదాని కోసరమే తీస్తాది."

పొగ మిషను ఒక్కటే బుసకొడుతోంది. దేవేంద్ర జేబులు తడుముకుని నోటు పుస్తకం తీశాడు.

"అమ్మా, ఆ మాట ఇంకొక్కసారి చెప్పు, రాసుకుంటా."

"రాసుకోవద్దప్పా" అంది పూలమ్మ. ఆ గొంతు తనదేనా అనిపించేంత గట్టిగా వచ్చింది. "అది నీ సినిమాకు చెప్పింది కాదు."

అతను తెల్లబోయి పుస్తకం మూశాడు.

చాందిని మునిరాజు ముసుగులో తల దూర్చి "బే... బే..." అంటోంది. ఆ పిల్లను అక్కడే టిఫిను బండి దగ్గర మునిరాజుకు అప్పజెప్పి, పూలమ్మ కూతురి మంచి చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టింది.

ఇద్దరూ మంచులోనే నడిచారు. దారికి అటూ ఇటూ టమాటా తోటలు కట్టెలు పాతుకుని నిలబడి ఉన్నాయి. ముందు పది అడుగులు కనబడతాయి, వెనక పది అడుగులు చెరిగిపోతాయి. ఆ మంచులో నడుస్తుంటే పూలమ్మకు ముప్పై ఏళ్ళు వెనక్కు నడుస్తున్నట్టుంది. ఎక్కడో ఒకచోట అప్పటి తన ఇల్లు, అప్పటి వసారా, ఆ వసారాలో మొగుడు గంగప్ప మేకుకు తగిలించిన కండువా తీసుకుంటూ కనబడతాడేమో అనిపించింది. గంగప్ప పోయి ఆరేళ్ళయింది. ఊరంతా మంచి మనిషనే చెప్పుకుంటుంది. జబ్బు చేసిన గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా కూర్చునే మనిషి.

ఇంట్లోకి వెళ్ళి మగ్గం పక్కన కూర్చున్నారు. గోడకు ఆనించి కుమారి బ్యాగు ఉంది, నిండుగా, జిప్పు వేసి.

"జారిపడలేదు గదా నువ్వు" అంది పూలమ్మ.

కుమారి తల తిప్పుకుని బ్యాగు వైపు చూసింది.

పూలమ్మ నుదుటి మీది కొంగు వెనక్కు తీసింది. వెంట్రుకలు మొదలయ్యే చోట అడ్డంగా ఒక మచ్చ ఉంది. దాన్ని ఊరంతా ఎరుగుదురు. దాని కథ కూడా ఎరుగుదురు.

"ఇది పొట్టేలు కుమ్మింది కాదుమ్మా. మీ నాయన..."

"నాకు తెలుసు మా."

పూలమ్మ కొంగు వదిలేసి కూతురి వైపు తిరిగింది.

"మగ్గం గుంతలో ఉండా నేను" అంది కుమారి, నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే ఆ గుంతను చూపిస్తూ. "అప్పుడు నాకు ఐదేండ్లో ఆరేండ్లో. ఉన్ని కప్పుకోని కూర్చోనుండా. అంతా చూసినా. పొద్దున్నే పక్కింటామె అడిగితే నువ్వు పొట్టేలని చెప్పినావు. నవ్వుకుంటా చెప్పినావు. నాయన నీకు అన్నం కలిపి పెట్టినాడు. అప్పుడనుకున్నా, ఇట్లనే చెప్పాలేమో అని." ఆమె కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుంది. "అందుకే నేనూ తొట్టి కాడ జారినానని చెప్పినా. నువ్వు నమ్మినట్టే ఉన్నావు. నమ్మినావా మా?"

ఏ రోజూ పూలమ్మ నమ్మలేదు. నమ్మకపోయినా బట్టలు సర్దింది. రెండు చీరలు మడతపెట్టి, బిడ్డ గౌను మడతపెట్టి, పైన పసుపు పొట్లం కూడా పెట్టింది. తాను పారిపోలేదు కాబట్టి పారిపోకపోవడమే కాపురమని అనుకుంది. అదే కూతురికి నేర్పింది. ఒక్క ముక్క నోటితో చెప్పకుండానే నేర్పింది.

ఆమె మోకాళ్ళ మీద పాకుతున్నట్టు వెళ్ళి బ్యాగును దగ్గరికి లాక్కుంది. జిప్పు తీసింది. ఒక్కో గుడ్డా బయటికి తీసి చాప మీద పెట్టసాగింది. కుమారి కళ్ళార్పకుండా చూసింది.

"ఏం చెప్తావు ఆయప్పకు?"

"రాదని చెప్తా."

"అంతేనా?"

"అంతకంటే ఏముండాది చెప్పేదానికి?"

బయట ఎండ పొడ వచ్చింది. మంచు పలచబడి, వీధి చివర వేపచెట్టు ఒకటి మెల్లగా విడివడి బయటికి వచ్చినట్టు కనబడింది. ఆ చెట్టు పక్క నుంచి బండి చప్పుడు వచ్చింది.

పూలమ్మ వసారాలోకి వచ్చి నిలబడింది. శేఖర్ బండి మీద నుంచి దిగలేదు. ఇంజను ఆపలేదు. తెల్లారకముందే కుప్పంలో బయలుదేరి ఉంటాడు, జుట్టు మీద మంచు తేమ ఉంది. ముఖం నిండా నవ్వు. ఎవరైనా ఇష్టపడే ముఖం. అతని ముందర, పెట్రోలు ట్యాంకు మీద, చాందిని కూర్చుని ఉంది.

"బాగుండావా అత్తా? ఇదో, మోకాళ్ళకు మందు తెచ్చినా. మంచి డాక్టరు రాసిచ్చినాడు. రాత్రిపూట రాసుకో." ట్యూబు ఒకటి చెయ్యి చాపి ఇచ్చాడు. "షూటింగు కాడ బిడ్డ కనబడింది. ఎక్కించుకోనొచ్చినా. కుమారి యాడ? ఎండెక్కక ముందే పోవాల."

పూలమ్మ ఆ ట్యూబు అందుకోలేదు. కూతురికి పెళ్ళయిన ఎనిమిదేళ్ళలో అల్లుడికి ఏ రోజూ ఎదురు చెప్పని మనిషి ఆమె.

"కుమారి రాదప్పా."

శేఖర్ ఆమె ముఖంలోకి చూశాడు. తరువాత ఆమె భుజం మీది నుంచి లోపల చాప మీద గుట్టగా పడి ఉన్న బట్టల్ని చూశాడు. ట్యూబు మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"రాకుంటే మానీలే అత్తా. ఉండనీ కొన్నాళ్ళు" అన్నాడు. "బిడ్డ వస్తాది."

"అమ్మా!" చాందిని ట్యాంకు మీద రెండు చేతులతో దరువేసింది. తండ్రి రొమ్ముకు వీపు ఆనించి, కాళ్ళు ఊపుతూ నవ్వుతోంది. "నాయన నాకు కుప్పంలో రైలు ఎక్కిస్తాడంట. బిరీన రా మా!"

కుమారి గడప మీదికి వచ్చింది. ఆమె కాళ్ళు వాటంతట అవే గడప పక్కన చెప్పుల కోసం వెతుకుతుండడం పూలమ్మ చూసింది. ఎడమ కాలు అప్పుడే ఒక చెప్పులో దూరింది.

పూలమ్మ వసారా మెట్టు దిగింది. మోకాళ్ళ నొప్పి ఆమెకు గుర్తు లేదు. బండి దగ్గరికి వెళ్ళి, మనవరాలి తల నిమరబోయినట్టే చెయ్యి చాపి, హ్యాండిల్ నడుమ ఉన్న తాళం చెవి తిప్పి లాగేసింది.

ఇంజను ఆగిపోయింది. వీధిలో కోళ్ళ చప్పుడు కూడా వినబడసాగింది.

శేఖర్ నవ్వు చెదరలేదు. నిదానంగా బండికి స్టాండు వేశాడు. బిడ్డను ఎత్తి వెనక సీటు మీద కూర్చోబెట్టి, పడిపోకుండా పట్టుకోమని చెప్పాడు. దిగాడు. చొక్కా చేతులు ఒక్కో మడతే పైకి మడుచుకున్నాడు.

"తాళం ఇటియ్యి అత్తా" అన్నాడు, ఎప్పటికంటే మెత్తగా.

"అమ్మా, ఇచ్చెయ్యి మా" అంది వెనక నుంచి కుమారి. ఆమె గొంతు పీలగా, చిన్నపిల్ల గొంతులా ఉంది. "ఇంత మెత్తగా మాట్లాడినాడంటే..."

పూలమ్మ గుప్పిట మూసింది.